తోట అమ్మొద్దు, పెళ్ళి వీడియోలు మానొద్దు

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వయసు 24. బీకాం అయ్యాక మూడేళ్ళుగా రాజోలులో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. నెలకి పదిహేను వేలు ఇస్తారు. చిన్నప్పటినుంచి డైరెక్టర్ అవ్వాలని కోరిక. ఫోన్‌తో 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను, లింకు పంపుతున్నాను చూడండి. మా ఊరి అన్నయ్య ఒకాయన హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటున్నాడు. నాలుగు లక్షలు పెడితే కొత్త సినిమాలో అసోసియేట్ డైరెక్టర్‌గా పెట్టిస్తాను, లాభంలో వాటా కూడా ఉంటుంది అంటున్నాడు. నాన్నగారు అరెకరం కొబ్బరితోట అమ్మి ఇస్తానంటున్నారు. అమ్మ వద్దని ఏడుస్తోంది. మావయ్య మాత్రం పాలకొల్లు నుంచి అంతమంది వెళ్ళి పైకి రాలేదా అంటున్నారు. ఇక్కడ నా పని ఎలా ఉంటుందంటే, మొన్న ఒకాయన వచ్చి, మా తమ్ముడితో మాటల్లేవు, మా అమ్మాయి పెళ్ళి వీడియోలో వాడెక్కడా కనపడకూడదు, తీసేయండి అన్నారు. రెండు రోజులు అదే పని. ఇలాగే ఉండిపోతానేమోనని టెన్షన్‌గా ఉందండి. వెళ్ళమంటారా? ఇంకోటి, నా పేరు సినిమాకి బాగోదంటున్నారు. న్యూమరాలజీ ప్రకారం మార్చుకోవాలా?
ఒక పాఠకుడు, కోనసీమ

సమాధానం: మీరు వెళ్ళాల్సిందేనని మీ షార్ట్ ఫిల్మ్ రెండోసారి చూశాక అనిపించింది. తోట మాత్రం అమ్మనివ్వకండి. ఈ రెండింటికీ ముడిపెట్టింది కృష్ణానగర్ అన్నయ్య కాబట్టి, ముందు ఆయన సంగతి తేల్చేద్దాం.

దర్శకత్వ శాఖలో ఒక వరస ఉంటుంది. కింద అసిస్టెంట్లు, వాళ్ళ పైన అసోసియేట్, ఆ పైన కో డైరెక్టర్. క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ (ముందు షాట్లో ఏది ఎలా ఉందో) రాసుకోవడం, ఆర్టిస్టుకి డైలాగ్ అందించడం, రేపటి సీనుకి ఏ సామాను కావాలో ఆర్ట్ వాళ్ళకీ, ఏ చీర కావాలో కాస్ట్యూమ్స్ వాళ్ళకీ ముందురోజే చెప్పుకోవడం, ఇవన్నీ కొన్ని సినిమాలకి చేసి చేసి ఒళ్ళు అలవాటు పడ్డాక అసోసియేట్ అవుతారు. సెట్టు మొహం చూడని మనిషిని నేరుగా అసోసియేట్‌గా పెట్టిస్తానన్నారంటే, అసలు ఆ సినిమాకి కో డైరెక్టర్ ఉన్నాడా అని నా అనుమానం. ఉంటే మొదటిరోజు టిఫిన్ల వేళకే మిమ్మల్ని పట్టేస్తాడు.

అసిస్టెంటుకి జీతం తక్కువ. ఒక్కోసారి బేటాతో, అంటే రోజుఖర్చుకిచ్చే డబ్బుతో సరిపెడతారు, ఒక్కోసారి అదీ ఎగ్గొడతారు. ఎంత తక్కువైనా డబ్బు వాళ్ళ దగ్గర్నుంచి మీకు రావాలి. మీ దగ్గర్నుంచి వాళ్ళకి పోతోందంటే దాన్ని ఉద్యోగం అనరు. పోనీ పెట్టుబడే అనుకుందాం. అయితే అగ్రిమెంటు ఉండాలి, నిర్మాణ సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి, సినిమా టైటిల్ ఫిలిం ఛాంబర్‌లో రిజిస్టర్ చేయించిన కాగితం ఉండాలి. వాటిని వాట్సాప్‌లో పంపమని అడగండి. "నామీద నమ్మకం లేదా తమ్ముడూ" అని వచ్చిందనుకోండి, మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే. ఆయన మోసగాడని నేననడం లేదు. ఆయన్నే ఎవరో ఇలా కూర్చోబెట్టి, ఊరినుంచి ఇద్దర్ని తీసుకొస్తే నీకూ ఛాన్సిస్తాం అని ఉండొచ్చు. కృష్ణానగర్‌లో ఈ గొలుసుకట్టు కొత్తదేం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది మీ నాన్నగారి మంచితనం. తోట అమ్ముతానని ఆయనే అంటున్నారు చూశారా, కాదనే తండ్రి ఉన్న ఇంట్లో కన్నా ఇలాంటి ఇంట్లో కొడుక్కి బాధ్యత ఎక్కువ. కొబ్బరికాయ ధర ఒక ఏడు పడిపోతుంది, ఒక ఏడు లేస్తుంది. చెట్టు నిలబడి ఉంటే దింపు దింపుకీ ఎంతో కొంత ఇంటికొస్తుంది. అమ్మేశాక మీ సంగతి ఆలోచించండి. అరెకరం నెత్తిన పెట్టుకుని సెట్లో నిలబడ్డ కుర్రాడు ఎవరికీ కాదని చెప్పలేడు. తీస్తున్నది చెత్త అని తెలిసినా వదిలి రాలేడు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక షూటింగ్ ఉందని అబద్ధం చెప్తాడు. ఆ అబద్ధాలు చెప్పేవాళ్ళతో పండగ మూడు రోజులూ హాస్టల్లో అన్నం తిన్నాను కాబట్టి చెబుతున్నా. తోట వద్దనే మాట మీ నోటినుంచే రావాలి. అమ్మగారు అంటే అది ఏడుపు కింద పోతుంది, నేనంటే పత్రికలో రాత కింద పోతుంది. మీరంటేనే ఆయన వింటారు.

ఇక మావయ్యగారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ, ముగ్గురిదీ పాలకొల్లే. ఒక్క దాసరిగారే నూట యాభైకి పైగా సినిమాలు తీశారు. అయితే వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళ పేర్లు పాలకొల్లు సెంటర్లో ఎవరూ చెప్పుకోరు కదా, లెక్క అక్కడ తేడా వస్తుంది. పైకి వచ్చినవాళ్ళ విషయంలో కూడా మావయ్యగారు సగమే చూస్తున్నారు. దాసరిగారికి సినిమాకి ముందే నాటకాలు రాసి, ఆడి, ఆడించిన అనుభవం ఉంది. కోడి రామకృష్ణ ఆ దాసరిగారి దగ్గరే శిష్యరికం చేశారు. మీ రాజోలు పక్కనే మట్టపర్రు నుంచి వెళ్ళిన సుకుమార్ కాకినాడలో లెక్కలు చెప్పిన లెక్చరర్. భీమవరం త్రివిక్రమ్ మాటల రచయితగా పేరు తెచ్చుకున్నాక 2002లో డైరెక్టర్ అయ్యారు. నరసాపురంలో పుట్టిన బాపు 1967లో తొలి సినిమా 'సాక్షి'ని పులిదిండిలో తీసేనాటికి ఆయన బొమ్మలు తెలియని తెలుగు పాఠకుడు లేడు. అందరి చేతిలోనూ అన్నం పెట్టే పని ఒకటి ఉంది. ఆ పని సినిమాలోకి దారి కూడా అయింది కొందరికి.

మీ చేతిలో కూడా ఉంది. దాన్నే మీరు "ఇలాగే ఉండిపోతానేమో" అని తీసిపారేశారు.

రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు కాకముందు ఎడిటర్. కొవ్వూరులో చదువుకున్న రాజమౌళి మొదట్లో కోటగిరి వెంకటేశ్వరరావుగారి దగ్గర ఎడిటింగ్ శాఖలో పనిచేశారు. మూడు కెమెరాల ఫుటేజ్ సింక్ చేసి, జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంలో ఎవరి మొహం మీదికి కట్ చేయాలో మూడేళ్ళుగా రాత్రిళ్ళు కూర్చుని తేలుస్తున్న మనిషి మీరు. మీ ప్రేక్షకులు కూడా మామూలు వాళ్ళు కాదు. పెళ్ళికొడుకు మేనత్త రెండు సెకన్లు తక్కువ పడితే ఇంటికొచ్చి మరీ దెబ్బలాడతారు. హైదరాబాద్‌లో దర్శకత్వ శాఖ కోసం తిరుగుతున్న కుర్రాళ్ళలో ఇంత పని చేసినవాళ్ళు తక్కువమంది. చాలామంది దగ్గర కథ ఉంటుంది, ఓ పేరు మోసిన హీరోకి చెప్పాలన్న పట్టుదల ఉంటుంది, నెల తిరిగేసరికి అద్దె ఉండదు.

కాబట్టి నా మాట వింటే అసిస్టెంట్ డైరెక్టర్‌గా కాకుండా అసిస్టెంట్ ఎడిటర్‌గా లోపలికి వెళ్ళండి. సెట్ నుంచి వచ్చిన హార్డ్ డిస్కులు కాపీ చేసి రెండు చోట్ల జాగ్రత్త చేయడం, పిక్చర్‌నీ సౌండ్‌నీ కలపడం, క్లాప్ బోర్డు మీద నంబరు చూసి సీను వారీగా సర్దడం, మొదట్లో ఇదే పని. బోరు కొడుతుంది. కానీ తీసిన ప్రతి టేకూ మీ కళ్ళముందు నుంచే పోతుంది. ఏడో టేకు దాకా డైరెక్టర్ ఎందుకు లాగాడు, చివరికి ఎడిటర్ మూడోదే ఎందుకు ఉంచాడు, లక్షలు పోసి తీసిన పాట రెండో సగంలో ఎందుకు ఎగిరిపోయింది, ఇవి సెట్లో గొడుగు పట్టుకుని నిలబడ్డవాడికి తెలియవు. ఏసీ గదిలో హార్డ్ డిస్కులు సర్దేవాడికి తెలుస్తాయి. మీ స్టూడియోలో వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ అయ్యుంటుంది, మన వైపు పెళ్ళిళ్ళవాళ్ళు ఎక్కువగా దాన్నే నమ్ముకుంటారు. సినిమా ఎడిటింగ్ గదుల్లో ఆవిడ్, ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్ కనిపిస్తాయి. రిజాల్వ్‌కి ఉచిత వెర్షన్ ఉంది. స్టూడియో ఓనరుగారిని అడిగి, పని అయ్యాక వాళ్ళ సిస్టమ్‌లోనే వేసుకుని నేర్చుకోండి. పాత పెళ్ళి ఫుటేజ్‌తోనే మొదలుపెట్టొచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, మీకు పంచాంగమే చెబుతుంది. ఆషాఢమో, మూఢమో వస్తుంది, ముహూర్తాలుండవు, స్టూడియోలో ఈగలు తోలుకుంటారు. సినిమా షూటింగులకి ఆ పట్టింపు అంతగా లేదు. కొబ్బరికాయ కొట్టడానికి ముహూర్తం చూస్తారు గానీ ఆ తర్వాత ఆర్టిస్టు డేట్లే ముహూర్తం. ఆ ఖాళీలో ఓ నెల వెళ్ళి ఉండి రండి. యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వైపు హాస్టల్లో షేరింగ్ బెడ్డు భోజనంతో కలిపి ఆరు నుంచి తొమ్మిది వేల మధ్యలో దొరుకుతుంది. ఎడిటర్ల ఆఫీసులకి వెళ్ళండి. సాయంత్రం వేళ వెళ్ళకండి, డైరెక్టర్లు వచ్చి కూర్చునే సమయం అది. పొద్దున పదకొండు ప్రాంతంలో అసిస్టెంట్లు మాత్రమే ఉంటారు, మీకు కావాల్సింది వాళ్ళే. ఎవరు మానేస్తున్నారో, ఎక్కడ మనిషి కావాలో వాళ్ళకి తెలుస్తుంది. మొదటిసారికి పని దొరక్కపోయినా పర్వాలేదు, మీ నంబరు పదిమంది ఫోన్లలో ఉంటే చాలు. కృష్ణానగర్ టీకొట్ల దగ్గర కూడా ఓ రెండు సాయంత్రాలు కూర్చోండి, తప్పు లేదు. మూడో సాయంత్రానికి చెప్పిన కథే మళ్ళీ చెబుతుంటారు, లేచి వచ్చేయండి.

పని దొరికి హైదరాబాద్‌లో కుదురుకున్నాక రాజోలు స్టూడియోతో సంబంధం తెంచుకోకండి. లగ్గసరి రోజుల్లో మీ ఓనరుగారికి చేతినిండా పని, ఎడిట్ చేసేవాళ్ళు చాలరు. హార్డ్ డిస్కు ట్రావెల్స్ బస్సులో వేస్తే రావులపాలెం నుంచి తెల్లారేసరికి మీ దగ్గరుంటుంది. నెలకి రెండు పెళ్ళిళ్ళు చేసినా అద్దె గట్టెక్కుతుంది. ఇది ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, సినిమా పని ఎప్పుడు ఆగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. 2020లో కరోనాకి నెలల తరబడి ఆగింది. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం కార్మికులు సమ్మె చేస్తే రెండు వారాలకి పైగా షూటింగులు నిలిచిపోయాయి. వాళ్ళడిగింది న్యాయమే అనుకోండి, ఆ రెండు వారాలు రోజు బేటా మీద బతికేవాళ్ళు ఎలా గడిపి ఉంటారో ఆలోచించండి.

ఇప్పుడు మీ షార్ట్ ఫిల్మ్. నిష్ఠూరమైనా చెప్పాలి. మొదటి మూడు నిమిషాలు డ్రోను షాట్లే: గోదావరి, కొబ్బరిచెట్లు, పడవ, మళ్ళీ గోదావరి. పెళ్ళికి తెచ్చిన డ్రోను ఖాళీగా ఉండి ఎగరేశారని అర్థమవుతూనే ఉంది. అవి తీయడానికి హైదరాబాద్ యూనిట్లు ఏటా వస్తూనే ఉన్నాయి, మీరక్కర్లేదు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయేదాకా దాని కింద ఎన్ని పాటలు, ఎన్ని పంచాయితీలు తీశారో లెక్కే లేదు. ఆ షూటింగుల రోజుల్లో చెట్టు పక్క పొలంవాళ్ళు ఏమనుకున్నారో చెప్పిన సినిమా మాత్రం నా కంట పడలేదు.

రెండో సంగతి సౌండు. రొయ్యల చెరువు గట్టు మీద అన్నదమ్ములు మాట్లాడుకునే సీను మీ కథకి ప్రాణం. అక్కడ చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. డబ్బింగ్ చెప్పించినచోట పెదాలకీ మాటకీ పొంతన లేదు. చూసేవాడు మసక బొమ్మని క్షమిస్తాడు, వినపడని మాటని క్షమించడు. మీ స్టూడియోలో కాలర్ మైకు ఉండే ఉంటుంది, కనీసం ఇంకో ఫోన్ జేబులో పెట్టి రికార్డు చేసినా సరిపోయేది. ఏరియేటర్లు ఎప్పుడు ఆపుతారో మీ ఊళ్ళో అడిగితే చెబుతారు కదా.

మరి వెళ్ళమని ఎందుకన్నానంటారా? తొమ్మిదో నిమిషంలో తాతగారు. నేలలో పాతిన గునపం మీద కాయలు ఒలుస్తూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కూతురితో మాట్లాడతారు. ఆవిడ ఏదో అంటుంది, మనకి వినపడదు. ఆయన చెయ్యి ఆగుతుంది. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టి, "సరేలే అమ్మా, పండక్కే రా" అంటారు. మీరు కట్ చేయకుండా ఇంకో రెండు కాయలు ఒలిచేదాకా ఆగారు. ఎవరైనా అక్కడ విషాద సంగీతం వేసి క్లోజప్ పెట్టేవారు. ఆగాలని మీకు ఎవరూ నేర్పి ఉండరు. దానికోసమే ఈ సమాధానం ఇంత పొడుగైంది.

వెళ్ళేముందు ఇంకొకటి తీయండి. కథ మీ ఉత్తరంలోనే ఉంది, ఫిర్యాదు కింద రాసేశారు గానీ. తమ్ముడు ఎక్కడా కనపడకూడదని వచ్చిన ఆ పెద్దమనిషి. పెళ్ళినాటికి అన్నదమ్ములిద్దరూ బాగానే ఉండి ఉంటారు, తర్వాత ఏదో గట్టు తగాదానో, పంపకాల గొడవో. ఎడిటర్ తమ్ముడిని వెతకడం మొదలుపెడతాడు. పందిట్లో గొడుగు పట్టింది ఆయనే, వియ్యాలవారికి ఎదురెళ్ళింది ఆయనే, వడ్డన దగ్గర అప్పగింతల వేళ దాకా చెమటలు కక్కుతూ తిరిగింది ఆయనే. ఎలా తీస్తారు? తీస్తే పెళ్ళిలో ఏం మిగులుతుంది? పక్కన కుర్చీలో కూర్చుని ఇదంతా ఆ అన్నగారు చూస్తుంటారు. ఇంతకన్నా నేను చెప్పను, కథ మీది, రెండు రోజులు ఆ పని చేసింది మీరు. ఒక్క గది, ఒక కంప్యూటరు, ఇద్దరు మనుషులు. రాత్రి స్టూడియో మూశాక తీసుకోవచ్చు. ఏరియేటర్ల గొడవ లేదు, డ్రోనుకి చోటే లేదు. ఎనిమిది నిమిషాలు దాటనివ్వకండి. అసలు మనుషుల ఫుటేజ్ మాత్రం వాడొద్దు, మీ చుట్టాలతో ఓ ఉత్తుత్తి పెళ్ళి తీయండి. మాటలు మీ ఊళ్ళో ఎలా అంటారో అలాగే రాయండి. సినిమాల్లో గోదావరి యాస అంటే ప్రతి మాటకీ "ఆయ్" తగిలించడం అయిపోయింది. మీ నాన్నగారు రోజుకి ఎన్నిసార్లు "ఆయ్" అంటారో లెక్కపెట్టి, అన్నే పెట్టండి. హైదరాబాద్‌లో ఎడిటర్ ఆఫీసులో చూపించాల్సింది ఈ ఎనిమిది నిమిషాలే.

ఈలోగా కోనసీమకి ఏదైనా యూనిట్ వస్తే తాడు అవతల నిలబడి హీరోని ఫొటో తీసుకునే జనంలో ఉండకండి. ప్రొడక్షన్ మేనేజర్ని కలిసి, ఊరు తెలిసిన మనిషిని, పదిరోజులు పనిచేస్తాను అనండి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎప్పటిదాకా నడుస్తుందో, వరద వస్తే ఎన్నాళ్ళు ఆపుతారో, జనరేటర్ వ్యాన్ ఏ కాలవగట్టు మీద పడుతుందో వాళ్ళకి తెలియదు. బేటా ఇస్తారు, భోజనం పెడతారు, ఒక సెట్టు ఎలా నడుస్తుందో ఖర్చు లేకుండా చూస్తారు.

చదువు సంగతి మీరు అడగలేదు, అయినా చెవిన వేస్తున్నా. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి ఉంది, కోల్‌కతాలో సత్యజిత్ రే పేరిట ఇంకొకటి 1995 నుంచి ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఎడిటింగ్‌కి విడిగా మూడేళ్ళ కోర్సు ఉంటుంది, ఏ డిగ్రీ ఉన్నా ప్రవేశ పరీక్ష రాయొచ్చు, మీ బీకాం చాలు. మన వైపు పిల్లలు ఇంజినీరింగ్ తప్ప ఇంకో ఎంట్రన్స్ ఉందని అనుకోరు. ఒకసారి రాసి చూడండి, పోయేదేముంది. లక్షలు గుంజి మూడు నెలల్లో డైరెక్టర్ని చేస్తామనే చోట్లకి మాత్రం వెళ్ళకండి.

అమ్మగారికి సినిమాలంటే భయం లేదనుకుంటా, తోట పోతుందనే ఏడుపు. తోట అమ్మట్లేదని చెప్పి, రాజోలు పని వదలట్లేదని చెప్పి, నెల రోజులకే వెళ్తున్నానని చెప్పి చూడండి. సున్నుండల డబ్బా ఆవిడే సర్దుతారు.

చివరగా పేరు. మీ పేరు నిక్షేపంలా ఉంది, దాన్ని వదిలేయండి. మార్చాల్సింది మీరు పంపిన వీడియో ఫైలు పేరు. "ఫైనల్ ఫైనల్ న్యూ 2" అని ఉంది. డౌన్‌లోడ్ చేసుకున్న మర్నాడు అది ఎవరిదో నాకే గుర్తులేదు, ఫోనంతా వెతుక్కున్నాను. ఈసారి పంపేటప్పుడు మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, నిడివి ఫైలు పేరులోనే పెట్టండి.